అప్‌డేట్: టోక్యోలో అమ్మానాన్నలతో షాబు షాబు

బీఫ్ ముట్టని నాన్నని, అసలు మాంసమే తినని అమ్మని టోక్యోలో షాబు షాబుకి (టేబుల్ మీదే మరిగే నీళ్లలో పల్చటి మాంసం ముక్కలు, కూరగాయలు ఉడికించుకుని తినే జపాన్ భోజనం) తీసుకెళ్లొచ్చా అని అడిగాను కదా, వెళ్లొచ్చాం. మీరన్నట్టే ఒట్టి పోర్క్ కోర్సు విడిగా ఉంది, బీఫ్ కన్నా చవక కూడా. మధ్యలో అడ్డుగోడ ఉన్న గిన్నె అడిగితే ఇచ్చారు. అమ్మ వైపు ఉత్త కొంబు అనే సముద్రపు నాచు వేసిన నీళ్లు, అందులో క్యాబేజీ, టోఫు, పుట్టగొడుగులు. ముంచుకునే పుల్లటి పోంజు సాస్‌లో చేప సారం ఉందన్నారు, అందుకని ఆవిడకి ఉప్పూ, తురిమిన ముల్లంగే గతి.

నాన్న మాత్రం భలే కుదురుకున్నారు. కాగితంలా పల్చటి ముక్కని చాప్‌స్టిక్స్‌తో పట్టుకుని, మరిగే నీళ్లలో గులాబీ రంగు పూర్తిగా పోయేదాకా ఆడించడం, పైకి తేలిన నురగని చిన్న జల్లిగరిటెతో తీసి పక్కన పారేయడం. గరిటె ఇంకెవరికీ ఇవ్వలేదు! ఆఖర్న ఆ రసంలోనే ఉడోన్ నూడుల్స్ వేసుకున్నారు.

ఒక్కటే బాధ: 90 నిమిషాల్లో తిన్నంత తినే పద్ధతి, టేబుల్ మొత్తానికీ ఒకే కోర్సు. ఆకులు తిన్న అమ్మకీ ఫుల్ రేటే.

సుకియాకి (తీపి సోయా రసంలో మాంసం ఉడికించే ఇంకో జపాన్ వంటకం) సంగతి అడిగినవాళ్లకి: పచ్చి గుడ్డు సొనలో ముంచుకుని తినాలనగానే అమ్మ లేచి నిలబడింది. ఆ ప్లాన్ క్యాన్సిల్.