ఫైబర్ లైన్ మీద ఇంటి కంప్యూటర్ నుంచి ఫ్యాక్స్: మోడెం చాలా, ఆన్‌లైన్ సేవ కావాలా?

బైరాగిపట్టెడ:
తిరుపతిలో ఇంట్లో ఫైబర్ బ్రాడ్‌బ్యాండ్ ఉంది, దాంతోపాటే ల్యాండ్‌లైన్ నంబరూ. పని అమెరికా క్లినిక్‌ల బిల్లింగ్. అక్కడ చాలాచోట్ల ఇప్పటికీ ఫ్యాక్సే అడుగుతారు. ఓఎన్‌టీ (ఇంట్లో ఫైబర్ తీగ వచ్చి చేరే పెట్టె) ఫోన్ పోర్టుకు యూఎస్‌బీ ఫ్యాక్స్ మోడెం తగిలిస్తే చాలా, నెలచందా కట్టి, ఫైల్ ఎక్కిస్తే ఫ్యాక్స్‌గా పంపే ఆన్‌లైన్ సేవ తీసుకోవాలా?

గ్రీమ్స్‌పేట:
మోడెం చాలన్నా. కొనేటప్పుడు ఫ్యాక్స్ కూడా చేస్తుందో లేదో చూడండి, అన్నీ చెయ్యవు. విండోస్ ఆప్షనల్ ఫీచర్స్‌లో ‘ఫ్యాక్స్ అండ్ స్కాన్’ వేసుకుని, టూల్స్‌లో ఫ్యాక్స్ అకౌంట్స్‌కు పోయి మోడెంను చేర్చండి. తర్వాత వర్డ్‌లో ప్రింట్ కొట్టి, ప్రింటర్ల జాబితాలో ‘ఫ్యాక్స్’ ఎంచుకుంటే నంబరు అడుగుతుంది. నెలనెలా కట్టే పని లేదు, కాగితం వేరేవాళ్ల సర్వర్లో నిలవదు.

అలిపిరి రోడ్డు:
అదంతా రాగి లైనుకు సరే. అక్కడ మాట 300–3400 హెర్ట్జ్‌లో పోతుంది, ఏడీఎస్‌ఎల్, అంటే అదే తీగ మీది ఇంటర్నెట్, 25 కిలోహెర్ట్జ్ పైన. మోడెం ముందు ఫిల్టర్ పెడితే ఒకదానికొకటి అడ్డం రావు. ఫైబర్‌లో ఆ ల్యాండ్‌లైనే వీఓఐపీ, అంటే ఇంటర్నెట్ పద్ధతిలో పోయే ఫోను. మోడెం కూత ప్యాకెట్లుగా (చిన్న చిన్న డేటా ముక్కలుగా) పోతుంది. కోడెక్ (శబ్దాన్ని డేటాగా మార్చే పద్ధతి) జీ.729 అయితే సెకనుకు 8 కిలోబిట్లే, మనిషి గొంతుకు సరిపడేట్టు చేసింది. సెకనుకు 14,400 బిట్ల ఫ్యాక్స్ అందులో బతకదు. శబ్దాన్ని అంతగా కుదించని జీ.711 అయితే పోతుంది, కానీ మాటల్లో చెవికి తెలియని ప్యాకెట్ నష్టం కూడా ఫ్యాక్స్‌ను చెడగొడుతుంది. అందుకే రెండువైపులా కూత కలిసి, మొదటి పేజీ పోయి, తర్వాతి పేజీల్లో తెగుతుంది. దీనికి మందు టీ.38, ఫ్యాక్స్‌ను కూతగా కాక డేటాగానే పంపే 1998 నాటి ప్రమాణం. అయితే ఓఎన్‌టీలో ఆన్ చేసినంత మాత్రాన చాలదు, కంపెనీ గేట్‌వే (కాల్‌ను బయటి ఫోన్ నెట్‌వర్క్‌కు కలిపే యంత్రం) కూడా ఒప్పుకోవాల.

గ్రీమ్స్‌పేట:
వేగం 9600కు దించి, ఈసీఎం (ఫ్యాక్స్‌లో తప్పులు దిద్దే ఏర్పాటు) ఆపేస్తే ఒకటి రెండు పేజీలు పోతాయి కదా?

అలిపిరి రోడ్డు:
వేగం దించండి, మంచిదే. ఈసీఎం ఆపమంటే మాత్రం ఒప్పుకోను. అది పేజీని 256 బైట్ల ముక్కలుగా పంపి, చెడిన ముక్కను మళ్లీ అడిగి తెప్పించుకుంటుంది. ఆపితే కాల్ తెగకపోవచ్చు గానీ, అంకెలున్న వరుసే చెరిగిపోయినా మీకు ‘పంపబడింది’ అనే కనబడొచ్చు. బిల్లింగ్ కాగితాల్లో అంతకంటే ప్రమాదం లేదు. ఈసీఎం ఉంచినా పోని లైను ఫ్యాక్స్‌కు పనికిరాదని అర్థం.

కాణిపాకం రోడ్డు:
ఇంకో సంగతి ఎవరూ అడగలేదు. ల్యాండ్‌లైన్‌కు ఐఎస్‌డీ తెరిపించారా? అన్‌లిమిటెడ్ కాల్స్ సాధారణంగా దేశం లోపలికే. అమెరికా ఫ్యాక్స్‌కు ఆన్‌లైన్ సేవే మేలు. రోగుల వివరాలు కాబట్టి హిపా (అమెరికాలో రోగుల వివరాల గోప్యత) చట్టం కింద ‘బిజినెస్ అసోసియేట్ అగ్రిమెంట్’, అంటే ఆ వివరాలు కాపాడతామనే ఒప్పందం, రాసిచ్చే సంస్థనే తీసుకోండి. ఉచిత సైట్ల జోలికి పోవద్దు. పీడీఎఫ్‌ను 200 డీపీఐలో, నలుపు-తెలుపులో స్కాన్ చెయ్యండి. ఫ్యాక్స్‌లో ‘ఫైన్’ నాణ్యత అంటే దాదాపు అంతే, 600 పెట్టినా అవతల కనబడేది అదే. బూడిదరంగు నేపథ్యం ఉంటే చుక్కలుగా మారి, అక్షరాలు మసకబారి, ఒక్కో పేజీకి నిమిషాలు పడుతుంది.

గ్రీమ్స్‌పేట:
అమెరికా వరకు ఒప్పుకుంటా. చిత్తూరు నంబరుకు, అదే 08572కు, ఒక్క పేజీ పంపడానికి చందా ఎందుకన్నా? ముందు ఒక పేజీ, తర్వాత అయిదు పేజీలు పంపి చూడండి. అయిదూ చేరితే మోడెం ఉంచుకోండి.