పచ్చికలో కలుపుకు 2,4-డి వాడినవారు చెప్పండి

గుంటూరు పచ్చిక:
ఇంటి ముందు రెండు సెంట్ల గరిక పెంచాను. వానలు మొదలయ్యాక పులిచింత, నేల ఉసిరి, అటికమామిడి కమ్మేస్తున్నాయి. అటికమామిడి పీకితే వేరు లోపలే తెగి మళ్లీ చిగురిస్తోంది. కొట్టులో 2,4-డి అనే కలుపుమందు కొట్టమన్నారు. గరిక చావదు కదా?

బెజవాడ మేడతోట:
గరికకు ప్రమాదం లేదండి. మొక్కల్లో పెరుగుదలను నడిపే ఆక్సిన్‌లా ఈ మందు పనిచేస్తుంది. వెడల్పాకు మొక్క అదుపు తప్పి పెరిగి, మెలితిరిగి చస్తుంది. గడ్డిజాతి తట్టుకుంటుంది. నా భయం చుట్టుపక్కల మొక్కల గురించి. మొన్న ఏప్రిల్‌లో మా పక్క ఖాళీ స్థలంలో వయ్యారిభామకు ఈ మందులోనే ఈథైల్ ఎస్టర్ అనే రకం కొట్టించారు. గాలి కూడా లేదు. నాలుగు రోజులకు మేడ మీద నా టమాటా చిగుళ్లు దారాల్లా సన్నబడ్డాయి, కాడలు కిందికి వంకర తిరిగాయి, పూత మొత్తం రాలింది. ఎస్టర్ మన ఎండకు ఆవిరై తేలిపోతుందని అప్పుడు తెలిసింది. పన్నెండు కుండీలు పోయాయి. ఇప్పటికీ బాధగానే ఉంది.

లాం రైతు:
ఆ అమ్మ చెప్పింది నిజం తమ్ముడూ. మొక్కజొన్నకు 2,4-డి కొట్టిన ట్యాంకును ఒక్కసారి కడిగి, అందులోనే పత్తికి పురుగుమందు కలిపాను. పత్తి ఆకులు బెండాకుల్లా చీలికలయ్యాయి. ఈ మందుకు ట్యాంకు వేరుగా ఉండాలి. తప్పదనుకుంటే అమైన్ సాల్ట్ 58 శాతం రకం అడుగు, అది ఎస్టర్ అంతగా ఆవిరి కాదు. కలుపు లేతగా ఉండగా, చల్లటి పూట, నాజిల్ నేలకు దగ్గరగా పట్టి కొట్టు. తుంగ మాత్రం దీనికి లొంగదు, పైన మాడినా గడ్డలోంచి లేస్తుంది.

గుంటూరు పచ్చిక:
మా పాప రోజూ ఆ గడ్డిలోనే ఆడుతుంది. అదే ఆలోచిస్తున్నాను.

బెజవాడ మేడతోట:
అయితే కొట్టకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో దీన్ని 2బి వర్గంలో, అంటే క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటిలో చేర్చింది. అమైన్ రకం కంట్లో పడితే చాలా ప్రమాదం. మందు కొట్టిన పచ్చికలో కోసిన గడ్డిని కూరమొక్కల మొదట్లో వేయకూడదు. రెండు సెంట్లకు ఇంత జాగ్రత్త ఎందుకండి? వాన వెలిసిన మర్నాడు చిన్న గునపంతో వేరు పక్కన గుచ్చి లేపండి. గరికను మరీ నేలబారుగా కోయకండి, ఒత్తుగా ఉంటే కొత్త కలుపుకు ఎండ అందదు.

గుంటూరు పచ్చిక:
రాత్రి వాన పడింది. పొద్దున గేటు పక్క మూల ఒక్కటే పట్టాను. అటికమామిడి వేరు తెగకుండా జానెడు వచ్చింది, ముల్లంగిలా లావుగా. మందు కొనడం లేదు. మిగతాది ఆదివారం.