‘పేపర్ సన్’కు తెలుగు మాట: కాగితపు కొడుకా, కాగితాల కొడుకా?

ప్రశ్న: శాన్‌ఫ్రాన్సిస్కోలోని చైనా కుటుంబాల గురించి నేను రాస్తున్న చారిత్రక కథలో ‘పేపర్ సన్’ అన్న మాట పదేపదే వస్తోంది. 1882 నాటి చట్టం చైనా కూలీలను అమెరికాకు రానివ్వలేదు గాని, వర్తకులను, విద్యార్థులను అనుమతించింది (జాతిని వెలివేసిన చట్టంలోనూ ఉన్నవాడికి దారి ఉంది). 1906 భూకంపం వెంట చెలరేగిన మంటల్లో జనన రికార్డులు కాలిపోవడంతో, తాము అక్కడే పుట్టామని, కాబట్టి అమెరికా పౌరులమని చాలామంది చెప్పుకోగలిగారు. పౌరుడి కొడుక్కి ప్రవేశం ఉండేది కనుక, స్వదేశానికి వెళ్లివచ్చినప్పుడు కొడుకు పుట్టాడని నమోదు చేయించి, ఆ లేని కొడుకు స్థానాన్ని పరాయి కుర్రవాడికి అమ్మేవారు. అలా వచ్చిన కుర్రవాడే ‘పేపర్ సన్’. అతన్ని తెలుగులో ‘దత్తపుత్రుడు’ అనవచ్చునా?

జవాబు: అనకూడదనే నా అభిప్రాయం. దత్తతలో ఇంటిపేరుతో పాటు బంధమూ మారుతుంది. ఇక్కడ మారేది ఇంటిపేరు ఒక్కటే. ‘పేరుకు కొడుకు’ అంటే కన్నవారిని చూడనివాడన్న నింద వస్తుంది. ‘దొంగ కొడుకు’ సంగతి చెప్పనక్కరలేదు, అది తిట్టు. ‘కాగితపు కొడుకు’ చెవికి ఇంపుగానే ఉంది గాని, కాగితపు పడవ, కాగితపు పువ్వు అన్నట్లు కాగితంతో చేసినదన్న అర్థమే ముందు తోస్తుంది. పొలం కాగితాలు, ఇంటి కాగితాలు అన్నప్పుడు బహువచనంలోనే దస్తావేజులన్న అర్థం పలుకుతుంది కాబట్టి ‘కాగితాల కొడుకు’ మేలు. పైగా శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర వలస వచ్చేవారిని విచారించే ఏంజెల్ ఐలాండ్ అనే దీవిలో అధికారులు ఇంటికి మెట్లెన్ని, ఊరి బావి ఎటువైపు అని గుచ్చి గుచ్చి అడిగేవారు గనుక, ఆ కుర్రవాళ్లు జవాబుల పుస్తకాలను ఓడలో వల్లెవేసి, రేవు చేరకముందే సముద్రంలో పారేసేవారు. ఆ బతుకంతా కాగితాలే మరి.

ప్రశ్న వేసినవారు: కథనంలో మీరన్న మాటే వాడతాను. సంభాషణలో మాత్రం నాయనమ్మ మనుమడితో, ‘కాగితాల మీద మీ తాత వాళ్ల కొడుకురా’ అంటే సహజంగా ఉంటుందనిపిస్తోంది. సమాధిరాతి మీద ఇంగ్లీషులో కొన్న ఇంటిపేరును, చైనా లిపిలో అసలు ఇంటిపేరును చెక్కించుకున్నవారు ఉన్నారు. కథలో అలాంటి సమాధి ఘట్టంలో ఏ సమాసమూ లేకుండా ‘కొన్న ఇంటిపేరు’ అనే రాస్తాను.