ఒకాయామా స్టేషన్‌లో బండి మారడం: షికోకు వెళ్లేవాళ్ల టికెట్లు, గేట్లు, సామాను

గోదారి_గట్టు (ప్రశ్న):
అమ్మానాన్నలు కాకినాడ నుంచి వస్తున్నారు. ఒసాకా నుంచి షికోకు ద్వీపంలోని మత్సుయామా తీసుకెళ్లాలి. షిన్-ఒసాకాలో షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) ఎక్కి, ఒకాయామాలో దిగి షియోకజే ఎక్స్‌ప్రెస్ పట్టుకోమంటోంది యాప్. మధ్యలో తొమ్మిది నిమిషాలే ఉంది. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, పైగా రెండు పెద్ద పెట్టెలు. మారగలమా? షింకన్‌సెన్ టికెట్లు బుక్ చేసే స్మార్ట్ ఈఎక్స్ యాప్‌లో తీసుకుంటే సరిపోతుందా? వీలైతే దారిలో ఒకాయామాలోని కొరకుఎన్ తోట కూడా చూడాలని ఉంది.

పట్టాలు:
తోట చూడాలనుకుంటే తొమ్మిది నిమిషాల బెంగే అక్కర్లేదండి, ఎలాగూ బయటికి వస్తారు. ముందు టికెట్ సంగతి తేల్చుకోండి, అసలు తికమక అక్కడే.

స్మార్ట్ ఈఎక్స్ టికెట్ ఒకాయామాలో ముగిసిపోతుంది. అక్కణ్నుంచి మత్సుయామాకు మళ్లీ మొదటి కిలోమీటరు నుంచి ఛార్జీ కట్టాలి. జపాన్‌లో దూరం పెరిగేకొద్దీ కిలోమీటరు ధర తగ్గుతుంది కాబట్టి రెండు ముక్కలుగా కొంటే మూల ఛార్జీ ఎక్కువ పడుతుంది. అందుకని కౌంటర్‌లో (మిదోరి నో మదోగుచి అని ఆకుపచ్చ బోర్డు ఉంటుంది) కాగితం టికెట్లు తీసుకోండి. మనిషికి మూడు:

1. ఒసాకా నగరం నుంచి మత్సుయామా వరకు ఒకే మూల ఛార్జీ టికెట్, అంటే జోషాకెన్.
2. షిన్-ఒసాకా నుంచి ఒకాయామాకు షింకన్‌సెన్ టొక్క్యూకెన్, అంటే మూల ఛార్జీ మీద అదనంగా కట్టే ఎక్స్‌ప్రెస్ టికెట్.
3. ఒకాయామా నుంచి మత్సుయామాకు షియోకజే టొక్క్యూకెన్.

ఒసాకా, మత్సుయామాల మధ్య దూరం 200 కిలోమీటర్లు దాటింది కనుక మొదటి టికెట్ మీద స్టేషన్ పేరు కాకుండా ‘ఒసాకా నగరం’ అని పడుతుంది. ఆ నగరంలో ఏ జేఆర్ (జపాన్ రైల్వే) స్టేషన్‌లో ఎక్కినా చెల్లుతుంది, షిన్-ఒసాకా దాకా వేరే టికెట్ అక్కర్లేదు. దూరం 400 లోపే కాబట్టి గడువు మూడు రోజులు. 100 కిలోమీటర్లు దాటిన మూల టికెట్‌తో దారిలో దిగి బయటికి వెళ్లి మళ్లీ ఎక్కొచ్చు. ఒకాయామాలో ఒక రాత్రి ఉండి మర్నాడు షియోకజే ఎక్కినా సరే. టొక్క్యూకెన్‌కు మాత్రం ఈ వెసులుబాటు లేదు, దాన్ని ఎక్కే బండికి తగ్గట్టు విడివిడిగా తీసుకోవాలి.

షింకన్‌సెన్‌తో కలిపి కొంటే రెండో ఎక్స్‌ప్రెస్ ఛార్జీ సగం తగ్గుతుందని పాత బ్లాగులు ఇంకా చెబుతున్నాయి. ఆ రాయితీని 2024 మార్చిలో ఎత్తేశారు. కౌంటర్‌లో అడగొద్దు.

మామిడి_తోట:
గేటు దగ్గర చేసే పని కూడా చెప్పాలి. ఒకాయామాలో షింకన్‌సెన్ మూడో అంతస్తులో ఆగుతుంది, హాలు రెండో అంతస్తులో ఉంటుంది, మామూలు రైళ్లు నేల మీద. అంటే ఒకసారి దిగి, గేటు దాటి, మళ్లీ దిగాలి. లిఫ్టులు ఉన్నాయి. ఒంటరి మనిషికి ఎనిమిది నిమిషాలు చాలు, పెద్దవాళ్లతో, పెట్టెలతో అయితే పావుగంటకు తక్కువ పెట్టుకోకండి.

నేరుగా మారేటప్పుడు మూడు టికెట్లూ ఒకేసారి గేటులో పెట్టాలి. షింకన్‌సెన్ టొక్క్యూకెన్‌ను గేటు మింగేస్తుంది, మిగతా రెండూ అవతల బయటికి వస్తాయి. ఒక్కటే తీసుకుని రెండోది వదిలేసే వాళ్లే ఎక్కువ. తోటకు వెళ్లేట్టయితే బయటికి పోయే గేటులో మూల టికెట్, షింకన్‌సెన్ టొక్క్యూకెన్ మాత్రమే పెట్టండి, మూల టికెట్ తిరిగొస్తుంది. గేటు ఒప్పుకోకపోతే పక్కన మనిషి ఉన్న గేటు దగ్గర టికెట్ చూపించి ‘తొచ్చూ గెషా’ (దారిలో దిగుతున్నాం) అనండి, వదిలేస్తారు.

గోదారి_గట్టు:
ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదండి. పెట్టెల మాటేమిటి? పెద్ద సామానుకు వేరే రిజర్వేషన్ ఉండాలట కదా? అమ్మానాన్నలకు పాస్ తీసుకుంటే లాభమా?

పట్టాలు:
పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కలిపి 160 సెంటీమీటర్లు దాటితేనే ఆ రిజర్వేషన్. విమానంలో చెక్-ఇన్ పెట్టెకు చాలా సంస్థలు పెట్టే హద్దు 158, కాబట్టి ఆ కొలతలో ఉంటే గొడవ లేదు. చక్రాలు, పిడి కూడా కలిపి కొలవండి. 160 నుంచి 250 మధ్య ఉంటే బోగీ చివరి వరుసలో సామాను చోటున్న సీటు ముందే తీసుకోవాలి, దానికి అదనపు డబ్బు లేదు. తీసుకోకుండా ఎక్కితే 1000 యెన్లు కట్టిస్తారు. ఈ నియమం షింకన్‌సెన్‌కే, షియోకజేకు కాదు.

పాస్ సంగతి: కాన్సాయ్ వైడ్ పాస్ ఒకాయామా, కురాషికి, తకమత్సు వరకు చెల్లుతుంది, షిన్-ఒసాకా నుంచి ఒకాయామాకు నొజోమి (అన్నిటికన్నా వేగంగా వెళ్లే షింకన్‌సెన్) కూడా ఎక్కొచ్చు. మత్సుయామాకు మాత్రం చెల్లదు. అదీ టూరిస్టుగా వచ్చినవాళ్లకే, మీరు ఇక్కడ ఉద్యోగ వీసా మీద ఉంటే మీకు ఇవ్వరు. ఈ ఒక్క ప్రయాణానికి పాస్ దండగ.

మామిడి_తోట:
తోటకు తూర్పు గుమ్మం నుంచి బయటికి రండి, మొమొతారో (జపాన్ జానపద కథల వీరుడు) విగ్రహం ఉన్న వైపు. హిగాషియామా వైపు వెళ్లే ట్రామ్ ఎక్కి షిరోషితా స్టాపులో దిగితే అక్కణ్నుంచి పది నిమిషాల నడక. మోకాళ్ల నొప్పులంటున్నారు కాబట్టి టాక్సీ అయితే ఇంకా మేలు. పెట్టెలు స్టేషన్ లాకర్లలో పెట్టండి. పెద్ద లాకర్లు సెలవు రోజుల్లో త్వరగా నిండిపోతాయి, దిగగానే ఆ పని చూసుకోండి.

తిండి: ఒకాయామా పేరుమోసిన ‘మత్సురి సుషి’ డబ్బా చూడ్డానికి బాగుంటుంది, అందులో చేపలు, రొయ్యలు ఉంటాయి. ఊదోన్ (లావుపాటి గోధుమ నూడుల్స్) పులుసులో కూడా చేపల రసమే. శాకాహారులైతే ఒసాకా నుంచే పులిహోర కట్టుకుని బయల్దేరడం ఉత్తమం.

సముద్రపు_గాలి:
ఒక ముఖ్యమైన మాట ఎవరూ చెప్పలేదు. షికోకు బండ్లన్నీ 1988లో తెరిచిన సెతో పెద్ద వంతెన మీదుగా వెళ్తాయి. గాలి ఉధృతంగా ఉంటే వంతెన మీద రైళ్లు ఆపేస్తారు. తుఫాను రోజుల్లో పొద్దున్నే జేఆర్ షికోకు ప్రకటన చూసి బయల్దేరండి. ఊనో రేవు నుంచి తకమత్సుకు నేరుగా ఫెర్రీ ఉందని పాత గైడ్లు చెబుతాయి, అది 2019 డిసెంబరులో ఆగిపోయింది.

షింకన్‌సెన్ ఆలస్యమై షియోకజే తప్పిపోతే కంగారు పడొద్దు, గేటు దగ్గర సిబ్బందికి టికెట్ చూపిస్తే తర్వాతి బండికి మారుస్తారు. మీ వల్లే తప్పితే రిజర్వు సీటు పోయినట్టే, అదే రోజు తర్వాతి బండిలో రిజర్వేషన్ లేని బోగీ ఉంటే అందులో కూర్చోవచ్చు. షియోకజే దాదాపు గంటకొకటి ఉంటుంది.

గోదారి_గట్టు:
తిరుగు ప్రయాణంలో కూడా ఇంతేనా?

సముద్రపు_గాలి:
ఒక్క తేడా ఉంది. మత్సుయామాలో ఎక్కే బండి చాలాసార్లు రెండు బండ్లు కలిపినది: కొన్ని బోగీలు షియోకజే, కొన్ని ఇషిజుచి. తదొత్సు లేదా ఉతజులో విడిపోతాయి. షియోకజే బోగీలు ఒకాయామాకు, ఇషిజుచి బోగీలు తకమత్సుకు. రిజర్వు సీటు ఉంటే బోగీ నంబరు చూసి ఎక్కితే చాలు. లేకపోతే బోగీ పక్కనున్న బోర్డు మీద ఒకాయామా అని ఉందో లేదో చూశాకే పెట్టెలు ఎక్కించండి.