అగాదిర్‌లో అమ్మానాన్నలతో ఎక్కడ ఉంటే బాగుంటుంది?

నమస్కారమండీ. డిసెంబరులో అమ్మానాన్నలను తీసుకుని మొరాకోలోని అగాదిర్ వెళ్తున్నాం. 1960 భూకంపం తర్వాత కొత్తగా కట్టిన ఊరు, రోడ్లు వెడల్పు. మర్రాకేష్ పాత సందుల కంటే అమ్మ మోకాళ్లకు ఇదే నయమని ఎంచుకున్నాం. బీచ్ పక్కన చదునైన దారి ఉంది, సాయంత్రాలు హాయిగా నడవచ్చు. అందుకే దగ్గర్లోని తీరపల్లె తగజూత్ కంటే ఊళ్లోనే దిగడం మేలనిపిస్తోంది. మీరేమంటారు?

కస్బా (పాత కోట) ఉన్న కొండ మీదకు కేబుల్ కార్ ఉంది కదా, దిగాక నడక ఎంత?

అసలు టెన్షన్ తిండి గురించే. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. కూరగాయల తాజీన్ (మట్టిపాత్రలో ఉడికించే కూర), కుస్కుస్ (గోధుమ రవ్వ వంటకం) అడిగితే మాంసం ఉడికించిన నీళ్లు కలపకుండా చేస్తారా? ఫ్రెంచ్‌లో ఎలా చెప్పాలి? లేక ఊళ్లోని పెద్ద బజారు సూక్ ఎల్ హద్‌లో కూరగాయలు కొనుక్కుని వండుకునేలా కిచెన్ ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోమంటారా? పెద్దవాళ్లతో వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి.