ఆవకాయ జాడీలు, ఇసుర్రాయి, ఫ్రిజ్: నల్లగొండ నుంచి పాలమూరుకు ఎలా సర్దాలి?

రామగిరి కోడలు:

అందరికీ నమస్తే. మాది నల్లగొండ, రామగిరిలో అద్దె ఇల్లు. మా ఆయనకు మహబూబ్‌నగర్ బదిలీ అయింది. బడులు తెరిచేలోపు, ఆషాఢం రాకముందే అక్కడ పాలు పొంగించాలని అత్తమ్మ పట్టు. చేతిలో పన్నెండు రోజులే ఉన్నాయి. డీసీఎం మాట్లాడుకున్నాం, దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా వెళ్తుంది. ఇద్దరు హమాలీలు వస్తారు.

మంచాలు, బీరువా సంగతి వాళ్లు చూసుకుంటారు. నా టెన్షనంతా వంటింటి గురించే. ఈ ఎండాకాలం పెట్టిన ఆవకాయ రెండు జాడీలు, చింతకాయ తొక్కు ఒక జాడీ ఉన్నాయి. ఆరేళ్ల కింద మిర్యాలగూడ నుంచి ఇక్కడికి వచ్చినప్పుడు సర్దడానికి మనుషుల్ని పెట్టుకున్నాం. వాళ్లు జాడీ ఉన్న అట్టపెట్టెను తీసుకుపోయి నా చీరల పెట్టె మీద ఎక్కించారు. ఇక్కడికొచ్చి విప్పేసరికి జాడీ నిలువునా పగిలి ఉంది, నూనె కింది పెట్టెలోకి దిగిపోయింది. నా పెళ్లికి అమ్మ పెట్టిన పుట్టపాక చీర అందులోనే ఉంది. ఎర్రటి మరక కుచ్చిళ్ల దగ్గర మొదలై కొంగు దాకా పాకింది. శనగపిండి రుద్దాను, డ్రైక్లీనింగ్‌కి ఇచ్చాను, పోలేదు. ఆ చీర మళ్లీ కట్టలేదు, పారేయడానికి మనసూ రాలేదు.

అందుకే ఈసారి నా చేత్తోనే సర్దుకుంటాను. జాడీలు ఎలా కట్టాలో తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. అత్తమ్మ ఇసుర్రాయి కూడా ఉంది. మా ఆయన "ఇప్పుడెవరు విసురుతారు, వదిలేద్దాం" అంటున్నారు. ఆమె ఏమీ అనలేదు కానీ ఆ రోజు అన్నం సరిగా తినలేదు. ఇక ఫ్రిజ్, ముందు తలుపు వాషింగ్ మెషిన్, ఇన్వర్టర్ బ్యాటరీ, గ్యాస్... వీటికి ముందుగా ఏం చేయాలి?

పాలమూరు పెదనాన్న:

అమ్మా, నేను రిటైరైన టీచర్ని. అచ్చంపేట, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల తిరిగి చివరికి మహబూబ్‌నగర్‌లో స్థిరపడ్డాం. మొత్తం తొమ్మిది ఇళ్లు మారాం. ప్రతిసారీ సర్దింది మా ఇంటావిడ, తాళ్లు కట్టింది నేను. ఆమెను పక్కన కూర్చోబెట్టుకునే ఇది రాస్తున్నా.

జాడీ నిండుగా ఉంటే అలాగే కదిలించవద్దు. పచ్చడి నాలుగు వేళ్లు దిగేదాకా తీసి స్టీలు డబ్బాలో వేయండి. ఖాళీ లేకపోతే బండి కుదుపుకి నూనె ఎగిరి మూతికి కొడుతుంది. మిగిలినదాన్ని తడిలేని గరిటెతో బాగా అదమండి. జాడీ అంచు, మెడ పొడిబట్టతో రెండుసార్లు తుడవండి, జిడ్డు ఉంటే కట్టు జారిపోతుంది. మూతి మీద ముందు మందపాటి కవరు, దానిమీద రెండు మడతల నూలుబట్ట వేసి వాసెన కట్టాలి. మెడ కింద సుతిలి తాడు మూడు చుట్లు తిప్పి, ముడి గట్టిగా బిగించండి. పింగాణీ మూత జాడీ మీదే ఉంచకండి. దారి పొడుగునా గలగలలాడి జాడీ అంచునే కొడుతుంది. వనపర్తి వెళ్లినప్పుడు మా జాడీ అంచు అలాగే పెచ్చులూడింది. మూతలన్నీ విడిగా తువ్వాలలో చుట్టండి.

తర్వాత ఒక్కో జాడీకి ఒక్కో బకెట్. అడుగున వరిగడ్డి మందంగా పరచండి. ఒట్టి ఊక వేస్తే అది పక్కలకు జరిగిపోయి, జాడీ వెళ్లి బకెట్ అడుగుకు తగులుతుంది. గడ్డి మీద జాడీని పెద్ద కవర్లో నిలబెట్టి, చుట్టూ ఊక పోసి చేత్తో కూరండి. మీ జిల్లాలో ఊకకేం కొదవ, మిర్యాలగూడ మిల్లులున్నాయి కదా. చివర్లో జాడీని వేలితో నెట్టి చూడండి. కదిలితే ఇంకా కూరాలి. ఆ బకెట్లు డీసీఎంలో వేయవద్దు, మీరు వచ్చే కారులో కాళ్ల దగ్గర పెట్టుకోండి.

ఇసుర్రాయి తీసుకురండి. మా అమ్మది గద్వాలలో ఇంటి ఓనరు దగ్గర వదిలి, మళ్లీ వస్తామని చెప్పాం. రెండేళ్ల తర్వాత వెళ్తే పునాదిలో వేశామన్నారు. అమ్మ ఉన్నన్నాళ్లూ దాని గురించి అడుగుతూనే ఉంది. పైరాయి, కిందిరాయి వేరుచేసి, నడిమి మేకు తీసి పిడితో పాటు చిన్న సంచిలో వేసి పేరు రాయండి, పోతే మళ్లీ అలాంటిది దొరకదు. రాళ్లను గోనెసంచుల్లో చుట్టి అన్నిటికంటే ముందు, క్యాబిన్ వైపు నేలమీద పెట్టించండి. బరువంతా ముందుకు, కిందికి ఉండాలి. వాటి మీద ఏదీ పేర్చనివ్వకండి.

జడ్చర్ల తమ్ముడు:

అక్కా, నేను ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్లు రిపేర్ చేస్తాను. ఫ్రిజ్‌ను ముందురోజు పొద్దున్నే ఖాళీ చేసి ఆపేయండి. ఐస్ కరిగి, వెనకాల ట్రేలో నీళ్లు పారబోశాక తలుపు తెరిచి ఆరనివ్వండి. అద్దం అరలు తీసి చద్దర్‌లో చుట్టండి. బండిలో నిలబెట్టే కట్టించండి, హమాలీలు చోటు కోసం పడుకోబెడదాం అంటారు, ఒప్పుకోకండి. పడుకోబెడితే కంప్రెసర్ ఆయిల్ పైపుల్లోకి పోతుంది. దిగాక వెంటనే ప్లగ్ పెట్టకుండా మూడు నాలుగు గంటలు వదిలేయండి. ఎక్కడైనా పడుకోబెట్టారని తెలిస్తే ఒక రోజు ఆగండి.

మీ మెషిన్ కొన్నప్పుడు వెనక నుంచి తీసిన పొడవాటి బోల్టులు దాచారా? వెతకండి. డ్రమ్ము ఊగకుండా పట్టేవి అవే. అవి బిగించకుండా ఇంతదూరం తెస్తే లోపలి స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు దెబ్బతింటాయి. లేకపోతే మీ మోడల్ నంబరు చెప్పి తెప్పించుకోండి. పైపులో నీళ్లు కూడా దించేయండి.

బ్యాటరీకి ముందు ఇన్వర్టర్ ఆపి, ప్లగ్ తీసి, మైనస్ వైరు విప్పి, ఆ తర్వాత ప్లస్ విప్పండి. వైర్లకు రంగు టేపు చుట్టండి. బ్యాటరీ వంగకూడదు, లోపల యాసిడ్ ఉంటుంది. బట్టల మూటల పక్కన అసలే వద్దు, చుక్క పడినా గుడ్డ చిల్లు పడుతుంది.

దేవరకొండ ఆడపడుచు:

వదినా, గ్యాస్ బండ తీసుకుపోకండి. సిలిండర్లు, రెగ్యులేటర్ మీ ఏజెన్సీలో అప్పగిస్తే డిపాజిట్ తిరిగి ఇచ్చి టీవీ (టర్మినేషన్ వోచర్) అనే కాగితం ఇస్తారు. అక్కడి ఏజెన్సీలో అది చూపిస్తే కనెక్షన్ వస్తుంది. కాకపోతే మధ్యలో రెండు మూడు రోజులు స్టవ్ ఉండదు, ఒక కరెంటు పొయ్యి చేతికందేలా పెట్టుకోండి.

రామగిరి కోడలు:

అందరికీ చేతులెత్తి దండం. పెదనాన్నగారూ, మీరు రాసింది అత్తమ్మకు చదివి వినిపించాను. పునాది మాట దగ్గర మా ఆయన లేచి వెళ్లి ఇసుర్రాయి బయటికి తీశారు. రాళ్ల మధ్య పాత పెసరపిండి గట్టిపడి ఉంది. అత్తమ్మ కొబ్బరిపీచుతో గీకి కడిగి ఎండలో పెట్టింది. మెషిన్ బోల్టులు కూడా దొరికాయి, సజ్జ మీద పాత చెప్పుల డబ్బాలో ఉన్నాయి.

ఇంకొక్క మాట అడుగుతాను. మేం దిగేది మెట్టుగడ్డ వైపు. తెల్లారి ఆరింటికే పాలు పొంగించాలి. అక్కడ అంత పొద్దున పాలు దొరుకుతాయా?

పాలమూరు పెదనాన్న:

మాదీ అటువైపేనమ్మా. నేను రోజూ అయిదింటికే లేస్తాను. వచ్చే రోజు చెప్పు, పాలు, పొంగించడానికి గిన్నె, కరెంటు పొయ్యి మా ఇంటి నుంచే తెస్తాం. మా ఇంటావిడ మీ అత్తమ్మగారి ఇసుర్రాయి చూడాలంటోంది.