అప్‌డేట్: మా అనంతపురం పిల్లల ఫ్లాగ్ ఫుట్‌బాల్ టీమ్

మా కాలనీ చిన్నపిల్లలకు ఫ్లాగ్ ఫుట్‌బాల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లాంటిదే, కానీ బంతి పట్టుకున్నవాళ్లను పడేయకుండా, నడుముకున్న పీలికను, అంటే 'జెండా'ను, లాగి ఆపే ఆట) మొదటిసారి నేర్పిస్తున్నాను, అందరూ బంతి వెంటే గుంపుగా పడుతున్నారు, ఏం చేయాలని ఆ మధ్య అడిగాను. రూల్స్ తర్వాత, ముందు జెండా లాగడం ఒక ఆటగా ఆడించమన్నారు. అందరికీ థాంక్స్, ఆ సలహా బాగా పనిచేసింది.

ఇప్పుడు బంతి లేకుండానే మొదలుపెడుతున్నాం. నడుముకు బెల్టు, రెండు పక్కలా గుడ్డ పీలికలు. తనవి పోకుండా ఎదుటివాళ్లవి లాగాలి. చేత్తో పీలికను కప్పుకుంటే ఫౌల్, ఒడుపుగా తప్పుకోవాల్సిందే. "మొహం కాదు, నడుము చూడు" అన్న మాట పిల్లలకు ఇట్టే ఎక్కింది. భుజాలు ఎటు ఊపినా, నడుము తిరిగిన వైపే మనిషి వెళ్తాడు. మొన్న ఒక పాప తనకంటే తలెత్తు పొడవున్న పిల్లాడి ముందు మోకాళ్లు వంచి నిలబడింది. వాడు మలుపు తిరగ్గానే పీలిక లాగి, అక్కడే చెయ్యి పైకెత్తి చూపించింది. నాకు ఎంత సంతోషమేసిందో!

క్యాచ్‌కు ఒకటే గుర్తు: బంతి ఛాతీకి పైన వస్తే బొటనవేళ్లు దగ్గరగా, కిందికొస్తే చిటికెన వేళ్లు దగ్గరగా. చిన్న సైజు బంతే వాడుతున్నాం. ఇక్కడి ఎండ తెలుసు కదా, పొద్దున్నే ముగించేస్తాం.

2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకూ ఈ ఆట ఉందని చెప్పాక, వెనకాడిన తల్లిదండ్రులు ఆడపిల్లల్ని పంపుతున్నారు.

ఇక ఐదుగురు చొప్పున మ్యాచ్ ఆడించాలి. సెంటర్‌గా, అంటే ఆట మొదలవగానే బంతిని వెనకున్న ఆటగాడికి అందించడానికి మాత్రం ఎవరూ ముందుకు రావడం లేదు. వంతులవారీగా మార్చమంటారా?